ట్యాంకు మీది జానెడు పైపు

మా ఆయన్ని అందరూ చాదస్తం అంటారు. ఎదురుగా ఉంటే మేస్త్రీ అంటారు, వీపు తిప్పగానే చాదస్తం. మూత బిగించమని ఇస్తే ఇంజను విప్పుతాడని ఒకడు, పొద్దున ఇచ్చిన బండిని సాయంత్రం దాకా వదలడని ఇంకొకడు. వాళ్ళు చాటుగా అనుకునేది నేను మొహమ్మీదే అనేదాన్ని. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆ మాట నేను అన్నన్ని సార్లు ఊరంతా కలిసి కూడా అని ఉండదు. ఇప్పుడు ఆ మాట నోటిదాకా వస్తే మింగేస్తున్నాను. ఎందుకో చెప్తాను వినండి.

మా ఇల్లూ షెడ్డూ ఒకటే. ముందు రేకుల షెడ్డు, వెనక రెండు గదులు, మధ్యలో ఒక తలుపు. ఆ తలుపు ఎంత మూసినా కూర చట్టిలోకి డీజిల్ వాసన వస్తుంది. పెళ్ళైన కొత్తలో వాంతులు చేసుకున్నాను. ఏడాది తిరిగేసరికి ఆ వాసన లేకపోతే నిద్ర పట్టని స్థితికి వచ్చాను, అది వేరే సంగతి.

ఆయన పట్టేవి పాత డీజిల్ జీపులు మాత్రమే. రాళ్ళలో, వాగుల్లో, దారి లేని చోట తిరిగే ముసలి బండ్లు. కొత్త బండి తెస్తే చేతులు తుడుచుకుని, ఇది నాకు రాదు బాబూ అని పంపించేసేవాడు. జీపు ఎత్తు ఎక్కడం లేదనో, పొద్దున్నే స్టార్టు అవ్వడానికి మొరాయిస్తోందనో తెస్తే మాత్రం కళ్ళు మెరిసేవి. ట్యాంకు దగ్గర్నుంచి ఇంజను దాకా డీజిల్ నడిచే దారంతా మొదట వేళ్ళతో తడిమేవాడు. ఫిల్టర్లు మార్చేముందు సబ్బుతో చేతులు కడుక్కునేవాడు. అన్నానికి కూర్చునేటప్పుడు నేను పోరితే గానీ కడగని మనిషి, ఫిల్టర్ ముట్టుకోవడానికి మోచేతుల దాకా కడుక్కుని వచ్చేవాడు. నాకు ఒళ్ళు మండేది. విప్పిన ప్రతి పైపు మూతికీ ఉతికిన గుడ్డముక్క కుక్కేవాడు. ఆ గుడ్డముక్కలు ఉతికేది ఎవరనుకున్నారు?

పాత రబ్బరు పైపుల్ని ఊరికే పారెయ్యడు. బ్లేడుతో నిలువునా చీల్చి, లోపలి పక్క బండివాడికి చూపించేవాడు. పైకి నున్నగా కనబడే పైపు లోపల పొరలు పొరలుగా ఊడి ఉండేది. చూశావా, దీంతోనా కొండెక్కేది అనేవాడు. బండివాడు తలూపేవాడు గానీ, వాడి కళ్ళు గడియారం మీదే ఉండేవి.

అన్నిటికంటే పెద్ద చాదస్తం ట్యాంకు. ఈ పాత జీపుల్లో ట్యాంకు నెత్తిన, బండి నేలకీ ట్యాంకుకీ మధ్య, జానెడు రబ్బరు పైపు ఒకటి ఉంటుంది. అక్కడ రెండు వేళ్ళు కూడా దూరవు, కంటికి కనబడదు. దాన్ని మార్చాలంటే డీజిలంతా తోడి, ట్యాంకుని బోల్టులు విప్పి కిందికి దించాలి. సగం రోజు పని. ఎవ్వరూ దించరు. అన్ని పైపులూ మార్చి, ఆ ఒక్కదాన్నీ వదిలేసి, అన్నీ మార్చాం అని చేతులు దులుపుకుంటారు. ఈయన మాత్రం దించుతాడు. ఎందుకయ్యా అని అడిగితే, అది ఇంజను డీజిల్ లాక్కునే పైపు, పగిలితే బయటికి చుక్క కారదు, లోపలికి గాలి పోతుంది అనేవాడు. కారేదైతే ఎవడైనా చూస్తాడు, గాలి పోయేదాన్ని ఎవడు చూస్తాడు అనేవాడు. ఈ పాఠం నేను కొన్ని వందల సార్లు విన్నాను, పాత్రలు తోముకుంటూ.

ఇక జీపు తమ్ముడి గురించి. మా ఆయన్ని అన్నా అనీ నన్ను వదినా అనీ పిలిచే డ్రైవరు. వరసకి ఏమీ కాడు, పదిహేనేళ్ళుగా వస్తూ పోతూ ఉండటంతో అయిన చుట్టరికం. కొండ మీద ఇళ్ళలో ఉంటాడు. పొద్దున్నే అక్కణ్ణుంచి మనుషుల్ని దింపి, మధ్యాహ్నానికి ఇక్కణ్ణుంచి ఎక్కించుకుని పోతాడు. వాడి జీపు వాడికంటే నాలుగేళ్ళు పెద్దది. ఆ జీపు మొహం తుడిచినంత శ్రద్ధగా వాడు తన మొహం ఎన్నడూ తుడుచుకుని ఉండడు.

వాడి భార్య నన్ను అక్కా అనేది. గలగలా మాట్లాడే పిల్ల. కిందికి వచ్చినప్పుడల్లా సంచీ అరుగు మీద పడేసి, నా సవతి ఎలా ఉందక్కా అని అడిగేది, జీపు గురించి. రాత్రి కూడా దాని పక్కనే పడుకుంటాడేమోనని భయంగా ఉంది, మీ మేస్త్రిగారికి చెప్పి దానికో రోగం అంటగట్టమను అనేది. మా ఆయన జీపు కింద పడుకుని ఉండి కూడా నవ్వేవాడు. ఆయన్ని నవ్వించడం మామూలు విషయం కాదు.

ఆ రోజు వాడు పొద్దున్నే వచ్చాడు. బండి ఎత్తు మీద ఆగి ఆగి ఊపిరి తీసుకుంటోంది అన్నా, పైపులూ ఫిల్టర్లూ అన్నీ మార్చెయ్యి అన్నాడు. అప్పటికి మూడు వారాలుగా మా ఆయన నడుముకి పట్టీ కట్టుకుని తిరుగుతున్నాడు. మంచం మీంచి లేవాలంటే నా భుజం పట్టుకోవాలి. అలాంటి మనిషి స్పానర్లు తీసుకుని జీపు కిందికి దూరాడు.

మధ్యాహ్నానికి అన్నీ అయ్యాయి. రెండు ఫిల్టర్లు మార్చాడు. ముందునించి వెనక దాకా కొత్త పైపులు, కొత్త క్లిప్పులు, కొత్త వాషర్లు. పైపుల్లో చేరిన గాలి వదిలించి, అదే ఎయిర్ తీసి, స్టార్టు చేస్తే మొదటి తిప్పుకే అందుకుంది. జీపు తమ్ముడు అప్పటికి పదిసార్లు షెడ్డు గుమ్మం దాకా వెళ్ళి వచ్చాడు. స్టాండులో మనుషులు ఎదురు చూస్తున్నారు, ఇంకో బండి వచ్చి ఎక్కించుకుపోతుందని వాడి గాభరా. మా ఆయన జాకీ వెనక్కి తోసుకుంటూ, ట్యాంకు దించాలిరా, పైన ముక్క ఒకటి మిగిలింది అన్నాడు. ట్యాంకు అంచుదాకా నిండి ఉంది, వాడు దార్లోనే కొట్టించుకుని వచ్చాడు. అదంతా తోడటానికి డబ్బాలు లేవు. వాడి మొహం మాడిపోయింది గానీ ఎదురు చెప్పలేదు.

ఎదురు చెప్పింది నేను. తలుపు దగ్గర నిలబడి నిప్పులు చెరిగాను. "జానెడు పైపు కోసం నడుం విరగ్గొట్టుకుంటావా? దించొద్దు. వదిలెయ్యి. ఆ అబ్బాయిని పోనీ, నువ్వొచ్చి అన్నం తిను" అన్నాను. కోపం కాదు అది. ఆ నొప్పితో ఆయన రాత్రంతా పళ్ళు కొరుక్కోవడం విన్నది నేను కదా. మామూలుగా అయితే నా అరుపు ఆయనకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఆ రోజు జాకీ మీద చెయ్యి వేసుకుని కాసేపు అలా కూర్చున్నాడు. తర్వాత, మళ్ళీ వచ్చినప్పుడు ఖాళీ ట్యాంకుతో రారా అని వాడితో చెప్పి, లేచి వచ్చి చేతులు కడుక్కున్నాడు. నేను గెలిచాననుకున్నాను. సంతోషంగా వడ్డించాను.

ఆ తర్వాత ఆరు వారాలు బండి గుర్రంలా నడిచింది. ఎందుకు నడిచిందో ఇప్పుడు నాకు తెలుసు. ట్యాంకు నిండుగా ఉన్నంతసేపు ఇంజను పెద్దగా పీల్చక్కర్లేదు, డీజిల్ తేలిగ్గా అందుతుంది. ట్యాంకు అడుక్కి పోతే గట్టిగా లాగాలి. అప్పుడు పగిలిన పైపు గాలి పీలుస్తుంది. వాడు కిందికి వచ్చినప్పుడల్లా ట్యాంకు నింపుకునే వెళ్ళేవాడు. ఏడో వారంలో వానలకి దారి కోసుకుపోయి నాలుగైదు రోజులు కిందికి రాలేదు. పైనే అటూ ఇటూ తిరగడంతో ట్యాంకు పావుకి వచ్చింది.

దారి బాగుచేసిన మర్నాడు తెల్లారగానే వాడి భార్య పుల్లలు ఏరడానికి వెళ్ళింది. పాము కాటేసింది. చీలమండ మీద. పిల్ల ధైర్యం గలది, తనే నడుచుకుంటూ ఇంటికొచ్చి చెప్పిందట. వాడు ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. ఇక్కడి ఆసుపత్రికి గంటన్నర దారి, మధ్యలో రెండు ఎత్తులు. మొదటి ఎత్తు సగంలో బండి ఆగిపోయింది.

వాడు బానెట్ ఎత్తి, చేత్తో డీజిల్ పంపు కొట్టి, ఎయిర్ తీసి మళ్ళీ స్టార్టు చేశాడు. అది వాడికి నేర్పింది మా ఆయనే. కొంత దూరం పోయి మళ్ళీ ఆగింది. మళ్ళీ పంపు. తొమ్మిది సార్లు ఆగిందట. మొదట్లో ఆ పిల్ల కిటికీలోంచి, కంగారు పడకు, నిదానంగా కొట్టు అని చెప్పిందట. అయిదోసారి తర్వాత మాట ముద్దగా వచ్చిందట. ఆ దార్లో ఇంకో బండి లేదు. గంటన్నర దారికి అయిదు గంటలు పట్టింది. ఒక గంట ముందు తెచ్చినా చూసేవాళ్ళమని డాక్టరు అన్నాడట. డాక్టర్లు ఆ మాట ఎందుకంటారో నాకు అర్థం కాదు. అని ఏం లాభం?

ఆ పిల్ల పోయిందని మాకు కబురు వచ్చింది. మా ఆయన అడిగింది ఒకటే, బండి ఎందుకు ఆగింది అని. గాలి పట్టింది మేస్త్రీ అన్నాడు కబురు తెచ్చినవాడు.

మూడోరోజు ఆసుపత్రి ముందు వదిలేసిన ఆ జీపుని ఎవరో కట్టి లాక్కొచ్చి మా షెడ్డులో పెట్టి వెళ్ళారు. ఆయన షట్టరు దించుకుని ఒక్కడే పనిలోకి దిగాడు. నడుం పట్టీ కూడా కట్టుకోలేదు. ట్యాంకు దించడానికి మూడు గంటలు పట్టింది. నేను తలుపు దగ్గర నిలబడి, ఆ పైపు బాగుండాలి, బాగుండాలి అని మొక్కుకుంటూనే ఉన్నాను. ఆయన జానెడు ముక్క ఊడదీసి అటూ ఇటూ వంచాడు. వంచినచోటల్లా పగుళ్ళు నోళ్ళు తెరిచాయి. ఒక కొస వేలితో మూసి, రెండో కొస నోట్లో పెట్టుకుని పీల్చాడు. గాలి వచ్చింది. ఇంకోసారి పీల్చాడు. ఇంకోసారి. నేను వెళ్ళి ఆ ముక్క ఆయన నోట్లోంచి లాగేశాను.

కొత్త ముక్క వేసి ట్యాంకు ఎక్కించాక, వాడికి చెప్పాలి అన్నాడు. నేను అడ్డం పడ్డాను. ఈ సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు, చెబితే ఆ పిల్ల తిరిగి వస్తుందా అన్నాను. చేతి పని మీద నమ్మకం పోతే మన గుమ్మం ఎవడు తొక్కుతాడు అన్నాను. వాడి దుఃఖం వాడు పడుతున్నాడు, అందులో కారం పోస్తావా అన్నాను. ఇవన్నీ నిజమే. కానీ వీటి వెనకున్న అసలు భయం ఒకటి ఉంది. పైపు సంగతి బయటికొస్తే, వదిలెయ్యమన్నది ఎవరనే మాట కూడా వస్తుంది. అందుకే ఆ పైపు ముక్కని పొయ్యిలో పడేశాను. ఇల్లంతా రబ్బరు కంపు కొట్టింది. ఆయన చూస్తూ కూర్చున్నాడు. పదమూడోరోజు చొక్కా మార్చుకుని కొండ మీద వాడింటికి బయల్దేరాడు. ఒక్కణ్ణే పంపలేక నేనూ వెంట వెళ్ళాను.

వాడిది ఒకే గది. పిల్లలిద్దర్నీ వాడి అక్క తీసుకెళ్ళింది. ఆ పిల్ల బట్టలు మడతపెట్టి ఇనప్పెట్టె మీద పెట్టి ఉన్నాయి, పైన దువ్వెన. వాడు చాప మీద కూర్చుని ఉన్నాడు, కూర్చోమని మాకు పీట జరిపాడు. మా ఆయన కూర్చోలేదు. నిలబడే చెప్పాడు.

"ట్యాంకు మీది పైపు నేను మార్చలేదు. విప్పి చూశాను, పగిలి ఉంది. గాలి అక్కడే పట్టింది. తప్పు నాదేరా. నడుం నొప్పని బద్ధకించాను."

నా పేరు ఎత్తలేదు. నేను చెప్పాల్సింది అప్పుడే, ఆ గదిలోనే. నేల చూస్తూ నిలబడ్డాను.

వాడు కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. దించి ఉంటే ఎంతసేపు పట్టేదన్నా అని అడిగాడు. మూడు గంటలు అన్నాడు ఈయన.

"ఆ రోజు నేను స్టాండుకి వెళ్ళేసరికి మనుషుల్ని ఇంకో బండి ఎక్కించుకుపోయింది. మళ్ళీ బండి నిండేదాకా నాలుగు గంటలు ఆగాను. సీట్లో పడుకుని నిద్రపోయాను" అన్నాడు వాడు. ఆ మాట చెప్పి, తల ఎత్తి ఒక్కసారి నా వైపు చూశాడు. నేను తల ఎత్తలేదు గానీ, చూశాడని తెలిసింది. కాసేపటికి వచ్చేశాం.

దారిలో అడిగాను, నా మాట ఎందుకు చెప్పలేదు అని. నీ పేరెందుకు, పని నాది కదా అన్నాడు. అంతే. దాని గురించి ఆయన నాతో మాట్లాడిన ఆఖరి మాట అదే.

తర్వాత రెండు బండ్లు పట్టాడు. మొదటిది ఎలాగో అయింది. రెండో దాన్ని పూర్తి చెయ్యలేకపోయాడు. బిగించిన క్లిప్పు విప్పి చూస్తాడు, మళ్ళీ బిగిస్తాడు, పది నిమిషాలకి మళ్ళీ విప్పుతాడు. కొత్త పైపుని వంచి నోట్లో పెట్టుకుని పీలుస్తాడు. మూడుసార్లు ట్యాంకు దించాడు, ఒకే బండికి. నాలుగోసారి దించబోతుంటే బండివాడు దణ్ణం పెట్టి, సగం పనితోనే లాక్కుపోయాడు. ఇన్నాళ్ళూ నేను చాదస్తం అన్నది దేన్ని? అది పని. ఇది జబ్బు. ఆ రోజు నించి ఆయన స్పానరు ముట్టుకోలేదు. మంచం గోడ వారకి జరిపించుకున్నాడు. నేను రెండిళ్ళ అవతల కుట్టు మిషను దగ్గర పనికి కుదిరాను. తిన్నావా అంటే తిన్నానంటాడు, మూత తీసి చూస్తే అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. అరవడానికి కూడా నాకు ఓపిక లేకుండా పోయింది.

మొన్న జీపు తమ్ముడు వచ్చాడు. ఏడాది దాటింది వాణ్ణి చూసి. జుట్టు తెల్లబడింది. బండి షెడ్డులో ఆపి నేరుగా లోపలి గదిలోకి వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"అన్నా, ట్యాంకులో తుప్పు రాలుతోంది. నెలకో ఫిల్టరు మూసుకుపోతోంది. దించి కడగాలి. నాలుగు షెడ్లు తిరిగాను, ఎవరూ దించం అంటున్నారు. ఫిల్టరు మార్చుకుంటూ పొమ్మంటున్నారు. నువ్వు తప్ప దించేవాళ్ళు లేరు."

మా ఆయన గోడ వైపే తిరిగి ఉన్నాడు. వీపు కదలడం కనిపించింది. లేస్తాడనుకున్నాను. నిజంగా అనుకున్నాను, నా భుజం అందిద్దామని ఒక అడుగు ముందుకి వేశాను కూడా. నా వల్ల కాదురా అన్నాడు. వాడు ఇంకోసారి అడగలేదు. మంచం కోడు మీద కాసేపు చెయ్యి వేసి ఉంచి, బయటికి నడిచాడు.

నేను వెనకాలే షెడ్డులోకి వెళ్ళాను. వాడు తలుపు తీసి ఒక కాలు బండిలో పెట్టాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇంక ఎప్పటికీ చెప్పలేనని తెలిసింది. తలుపు పట్టుకుని ఆపాను. ఆ రోజు ఆయన దించుతానన్నాడు, వద్దని అరిచింది నేను, ఆయన బద్ధకించలేదు అని గబగబా చెప్పేశాను. ఏడాది పైగా లోపల మోసిన మాట. అది వింటే వాడు నన్ను తిడతాడని, తిడితే ఆయన మీది బరువు కొంతైనా దిగుతుందని నా ఆశ.

వాడు నన్ను తిట్టలేదు. తాళంచెవి పెట్టి, చేతిని దాని మీదే ఉంచుకుని, ముందు అద్దంలోంచి బయటికి చూస్తూ అన్నాడు.

"తెలుసు వదినా. నేను పక్కనే ఉన్నాను కదా. మీరలా అరుస్తుంటే హమ్మయ్య అనుకున్నాను."

బండి స్టార్టు చేశాడు. రెండు తిప్పులకి గానీ అందుకోలేదు. నేను తలుపు వదిలేశాను.